మూసీ లోయ పునరుద్ధరణ: వేసవిలో ఈ నదికి నీరు ఎక్కడి నుంచి రావాలి?

నయాపూల్ పాదచారి (ప్రశ్న)
పని మీద వారానికి రెండు మూడుసార్లు నయాపూల్ దాటుతుంటాను. ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, మధ్యలో రాతిగోడల నడుమ ఎంతో వెడల్పైన నది ఉన్నా, ఎండాకాలంలో అందులో కదిలేది ఒక నల్లటి పాయ మాత్రమే. మిగిలినదంతా గడ్డీ, ఒండ్రూ, ప్లాస్టిక్ సంచులూ. 1908 వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఎగువన గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టి నీటిని ఆపారు కదా, మరి ఇప్పుడు నదీతీర అభివృద్ధి అంటున్నప్పుడు తోటలు, నడకదారులు సరే, మధ్యలో పారవలసిన నీటి సంగతి ఏమిటి? సియోల్‌లోని చియోంగ్‌గ్యేచోన్‌ను, అహ్మదాబాద్ సబర్మతిని ఆదర్శంగా చూపడం ఎంతవరకు సబబు?

నీటిలెక్క
మీరు అసలు చిక్కునే పట్టుకున్నారు. చియోంగ్‌గ్యేచోన్ కేవలం 5.8 కిలోమీటర్ల వాగు; పైనున్న ఎత్తైన రహదారిని కూల్చి 2005లో దాన్ని తెరిచినప్పటి నుంచి అందులో పారుతున్నది ప్రధానంగా హాన్ నది నుంచి పంపులతో ఎత్తిపోసిన నీరే. సబర్మతిలో మనకు కనిపించే నిండుదనం నర్మదా కాలువ పుణ్యం. రెండు చోట్లా నది అందం అరువు నీటి మీద నిలబడింది. మూసీలో అభివృద్ధి చేయాలనుకుంటున్న పొడవు సుమారు 55 కిలోమీటర్లు, కాబట్టి గోదావరి నీటిని జంట జలాశయాలకు తెచ్చి కిందికి వదలాలన్న ఆలోచన అమలైనా, దారిలో ప్రతి నాలా మురుగు కలుపుతూ పోతే ఆ తెచ్చిన నీరు నాలుగు వంతెనలు దాటేలోపే నల్లబడుతుంది.

నా దృష్టిలో మూసీకి వేసవి ఊటలు శుద్ధి కేంద్రాలే. అంబర్‌పేటలోని ఒక్క కేంద్రం సామర్థ్యమే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. నాలాల మురుగును ఒడ్డు దగ్గరే అడ్డగించి, కేంద్రాలకు మళ్లించి, శుద్ధి చేసిన నీటినే నదికి ఇవ్వగలిగితే ఆ నల్లపాయ రంగు మారుతుంది. పూలమొక్కల ఖర్చు ఆ తర్వాత చూసుకోవచ్చు.

పాతపటం
నీటి కొరతతో పాటు నీటి పోటు గురించి కూడా ఆలోచించాలి. 1908లో పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని విశ్వేశ్వరయ్య నివేదిక లెక్క. అంటే ఆ రోజు నగరం మీద పడింది వాన ఒక్కటే కాదు, తెగిన చెరువులు కూడా. (ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని అందరూ చెప్పుకొనేది ఆ రోజు గురించే.) 2025 సెప్టెంబరులో జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు నది నడిమధ్య ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు చేరింది. గోడలను ఇంకా లోపలికి జరిపి దుకాణాలకు చోటు చేసే ఏ నమూనా అయినా నాకు భయమే కలిగిస్తుంది. ఎగువ చెరువులూ, జంట జలాశయాల రక్షణ కోసం చుట్టూ నిర్మాణాలను పరిమితం చేసిన 111 జీవోలో చేర్చిన 84 గ్రామాల భూములూ ఈ లోయలో భాగమే.

కత్వ కింది రైతు
నగరం వారి చర్చలో దిగువన ఉన్న మేము సాధారణంగా కనిపించము కనుక రాస్తున్నాను. మాది వలిగొండ వైపు, భీమలింగం కత్వ (మూసీకి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) కింద సాగు. మా కాలువ ఎండదు, ఎందుకంటే మీ స్నానాల గదులు ఎండవు. ఆ నీటితోనే రెండు పంటలు వరి పండిస్తాము. అయితే ఆ వడ్లు అమ్మి, తినే బియ్యం మాత్రం బయట కొంటాము. నాట్లు వేసిన ఆడవారు గట్టెక్కగానే ముందు బోరు దగ్గరకు వెళ్లి మోకాళ్ల దాకా కడుక్కుంటారు, అయినా రాత్రంతా దురద. కత్వ మీద నుంచి నీరు దూకే చోట తెల్లటి నురగ లేచి గాలికి మడుల మీదికి వస్తుంది. నీటిలెక్క గారు చెప్పినట్టు శుద్ధి జరిగితే మాకంటే సంతోషించేవారు ఉండరు. కానీ శుద్ధి చేసిన నీటిని నగరంలోనే తోటలకు, పరిశ్రమలకు వాడేసుకుంటే మా వాటా ఏమవుతుందో ఏ సమావేశంలోనూ ఎవరూ చెప్పలేదు.

నయాపూల్ పాదచారి
అందరికీ కృతజ్ఞతలు. రైతు గారూ, కత్వల దగ్గర వేసవిలో ఎంత నీరు వస్తున్నదో మీ ఊళ్లో ఎవరైనా కొలిచి రాసిపెట్టారా? ఆ అంకె ముందు తేలితే, నగరం ఎంత వాడుకోవచ్చు, నదికి ఎంత వదలాలి అన్నది దాని మీద మాట్లాడుకోవచ్చు.