మార్చిలో పక్షుల ఫోటోలు: పాకాలా, లక్నవరమా, రామప్పా?

హన్మకొండ బండి: ఆదివారం ఇద్దరం పొద్దున బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. ఏ చెరువుకు పోవాలి? మా దగ్గర ఉన్నది 70-300 మి.మీ. జూమ్ లెన్సే. బాతులు ఇంకా ఉంటాయా?

నీటికాకి: పాకాల. కానీ బాతుల మీద ఆశ పెట్టుకోకు తమ్మీ. వలసొచ్చినవి మార్చికల్లా తిరుగుముఖం పడతాయి. మిగిలినవి కూడా నడి చెరువులో ఉంటే నీ లెన్సుకు చుక్కలే. గణపతిదేవుడి కాలం నాటి చెరువది, చిన్నది కాదు. ఎండెక్కితే నీళ్ల మీద గాలి అలలాడి పెద్ద లెన్సుకు కూడా ఫోటో మసకబారుతుంది.

బూరుగు చెట్టు: నన్నడిగితే చెరువుకు వీపు తిప్పి చెట్ల వైపు చూడమంటాను. ఇప్పుడు మోదుగ, బూరుగ ఆకు రాల్చి పూత మీదుంటాయి. పిట్ట దాక్కుందామన్నా ఆకు లేదు! పూసిన బూరుగ ఒక్కటి దొరికితే ఎండ వీపున పడేలా కూర్చోండి, అవే వస్తాయి. గోరువంకలు, ఏట్రింతలు (తోక చీలిన నల్లపిట్టలు), మధ్య ఆసియాకు తిరిగిపోయే ముందు రోజీ స్టార్లింగుల (గులాబీ రంగు గోరువంకల) గుంపులు. ఏట్రింత పువ్వులో తల దూర్చి తీసేసరికి నుదుటికి పుప్పొడి అంటుకుని ఉంటుంది. నాకు బాతుకన్నా ఆ ఫోటోయే ముద్దు. షట్టర్ 1/1600 సెకను, ఐఎస్‌ఓ ఆటోలో పెట్టండి. తెల్లటి ఆకాశం ముందు నల్లపిట్ట కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచాలి. తెల్లకొంగకైతే తగ్గించాలి.

కుంట గట్టు: ఇంత దూరం ఎందుకో నాకర్థం కాదు. ఊరి కుంటలు ఎండుతూ బురద తేలే కాలమిది. నత్తగుల్ల కొంగలు గట్టుకు దగ్గరగానే మేస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది చూడండి, నత్తలు తినే కొంగకు అదే గుర్తు. అడుగు మాత్రం చూసి వేయండి. తీతువు ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది, రాళ్లలో కలిసిపోతాయి.

క్లిక్ రాజా: ఫోన్‌లో కూత పెడితే పిట్ట ఎదురుగా వచ్చి వాలుతుంది. ఇంత కష్టం ఎందుకు?

బూరుగు చెట్టు: ఆ పని చేయొద్దు అన్నా. అది గూళ్లు కట్టే కాలంలో తన జాగాలోకి ఇంకోటి వచ్చిందని కొట్లాటకు వస్తుంది. మనకు ఫోటో, దానికి టెన్షన్. గుర్తుపట్టడానికైతే మెర్లిన్ యాప్ ఉంది, విని పేరు చెప్తుంది. అప్పుడప్పుడు తప్పు కూడా చెప్తుందనుకోండి.

క్లిక్ రాజా: సరే మేడమ్. పాలరాపు గుట్ట రాబందుల సంగతేంటి?

నీటికాకి: అది ఆసిఫాబాద్ జిల్లా, ఒక్కరోజు పని కాదు. పైగా ఇది రాబందులు గూళ్లలో పిల్లల్ని పెంచే కాలం. పశువులకు వాడిన డైక్లోఫినాక్ అనే నొప్పుల మందు వాటి కళేబరాలు తిన్నప్పుడు ఒంట్లో చేరి, మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో దాన్ని పశువులకు నిషేధించినా ఇంకా కోలుకోలేదు. అటవీశాఖ అనుమతి లేకుండా ఆ దరికి పోవద్దు.

హన్మకొండ బండి: పాకాలకే ఫిక్స్. తెల్లవారకముందే అడవి బాటలో నడవొచ్చా?

కుంట గట్టు: వద్దు. ఇప్పపూలు రాలే రోజులు, ఎలుగుబంట్లు వాటికోసం వస్తాయి. వెలుగు వచ్చేదాకా కట్ట మీదే ఉండండి. అభయారణ్యం కాబట్టి డ్రోన్ ఉంటే ఇంట్లోనే పెట్టండి. టిఫిన్ నర్సంపేటలో కానిచ్చి, నీళ్లు కూడా అక్కడే నింపుకోండి.