స్థానం వారి జయంతి: 23వ తేదీ పనులు

కార్యదర్శి, ఉదయం 7:10
ఆడవేషాలకి పేరుపడ్డ రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారి జయంతి సభ పాంప్లెట్ ఈ రాత్రికి ప్రెస్సుకి వెళ్లకపోతే మనకి టైముకి అందదు. అందుకే మరోసారి రాస్తున్నాను. హాలు బాకీ కోశాధికారి గారు కట్టాలి. మైకు, లైట్లు కుర్రాళ్లవి. కళాకారుడు, హార్మోనిస్టు, మేకప్ ఇచ్ఛాపురం అన్నయ్య చూస్తున్నారు. భోజనాలు అక్కవాళ్లవి. ఎవరిది ఎంతవరకు వచ్చిందో సాయంత్రంలోగా చెప్పండి.

కోశాధికారి, 9:40
బాకీ కట్టడానికి వెళ్తే తీసుకోలేదు. హాలు ఇవ్వరట. పాంప్లెట్ ప్రూఫులో ‘చింతామణి’ పేరు చూశారు. 2022లో ఆంధ్రాలో ప్రభుత్వమే నిషేధించిన నాటకాన్ని మా మండపంలో ఎలా ఆడనిస్తాం అన్నారు. అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తామన్నారు.

కుర్రాళ్ల తరఫున, 9:52
ఆ జీవో ఆంధ్రాలో. మనం ఉన్నది ఒడిశాలో, బరంపురంలో. ఇక్కడ చెల్లదు కదా సార్, గట్టిగా అడగండి.

మాస్టారు, 10:15
మనం వేస్తున్నది చింతామణికి వైరాగ్యం కలిగే ఘట్టం ఒక్కటే. జనం నవ్వుకునే ఆ వైశ్యుడి పాత్ర, సుబ్బిశెట్టి, అందులో రాడు. కాళ్లకూరి నారాయణరావు గారు ఆ నాటకం రాసిందే వేశ్యాలోలత్వం కొంపలెలా కూలుస్తుందో చూపించడానికి. బూతు హాస్యం తర్వాతి వాళ్లు చేర్చుకున్నది. స్థానం నరసింహారావు గారి గురించి సభ పెట్టి చింతామణి ఊసెత్తొద్దంటే ఎలా?

కోశాధికారి, 10:31
మాస్టారూ, గౌరవంతోనే చెబుతున్నాను. ఆ పాత్రని చూసి అందరూ నవ్వుకుని ఇంటికెళ్లిపోయారు. నన్ను బళ్లో ఆ పేరుతోనే పిలిచేవారు. మా నాన్న కొట్టు ముందు నిలబడి ఆ డైలాగులు చెప్పి నవ్వేవారు. హాలు వాళ్లు అన్నది నాకు తప్పుగా తోచలేదు. గట్టిగా అడగాలంటే వేరే ఎవరైనా వెళ్లండి. లెక్కల పుస్తకం కూడా ఇచ్చేస్తాను.

మాస్టారు, 10:36
ఆ పాత్ర లేని ఘట్టం కూడా పనికిరాదంటే ఇక నేను మాట్లాడేదేమీ లేదు. ఉపన్యాసానికి ఇంకెవరినైనా చూసుకోండి.

భోజనాల అక్క, 11:05
ఇద్దరూ కాసేపు ఫోన్లు పక్కన పెట్టండి. స్థానం అనగానే మా అమ్మకి గుర్తొచ్చేది చింతామణి కాదు, సత్యభామ. ముత్తరాజు సుబ్బారావు గారి ‘శ్రీకృష్ణ తులాభారం’. అందులో ‘మీరజాలగలడా’ పాట ఆయనే స్వయంగా రాసుకున్నారు. 1966లో సినిమాగా వచ్చినప్పుడు జమున గారికి సుశీల గారు పాడింది అదే. అందుకే మా పిల్లలకి కూడా నోటికి వచ్చు. వచ్చే కళాకారుడు సత్యభామ వేస్తారేమో కనుక్కోండి అన్నయ్యా.

ఇచ్ఛాపురం అన్నయ్య, మధ్యాహ్నం 12:20
కనుక్కున్నాను. అలక ఘట్టం బ్రహ్మాండంగా చేస్తానన్నారు. కృష్ణుణ్ణి కూడా ఆయనే తీసుకొస్తారు. జడ, నగలు ఆయనవే. చీర మాత్రం బరంపురం పట్టు కావాలట, కుంభాల అంచుది. అలకపాన్పు మీద ఒత్తిగిల్లితే ఆ అంచు చివరి వరసకి కూడా కనిపించాలంటారు.

కోశాధికారి, 12:45
ఘట్టం మార్చామని హాలుకి ఫోన్ చేశాను. ఆ రోజుకి వేరే ఫంక్షన్‌కి ఇచ్చేశారట.

కుర్రాళ్ల తరఫున, 1:30
నాతో పనిచేసే ఒడియా స్నేహితుడి ఊళ్లో ప్రహ్లాద నాటకం బృందం ఉంది. గుడి ముందు వాళ్లు మెట్ల వేదిక కడతారు. మనకోసం ఆ రోజు కట్టిస్తామన్నారు. హార్మోనియం, మద్దెల అక్కడే ఉంటాయి. మగపిల్లలు ఆడవేషంలో ఆడే గోటిపువ నాట్యం చూస్తూ పెరిగిన వాళ్లు, మగవాడు ఆడవేషం కట్టడం వాళ్లకి కొత్త కాదు. ఊరంతా వస్తామంటున్నారు.

కార్యదర్శి, 1:41
మెట్ల మీద పాన్పు ఎక్కడ వేస్తాం?

ఇచ్ఛాపురం అన్నయ్య, 1:58
కింద నేల మీద వేద్దాం. కృష్ణుడు పై మెట్టు నుంచి దిగి వచ్చి బతిమాలతాడు. ఆయనకి ఫోన్‌లో చెబితే తెగ సంబరపడ్డారు.

మాస్టారు, 3:10
కోశాధికారి గారింటికి వెళ్లొచ్చాను. చింతామణిని వేదిక మీద వేయం. ఉపన్యాసంలో మాత్రం స్థానం వారి వేషాల్లో ఒకటిగా చెబుతాను. ఎవరు ఎందుకు నొచ్చుకున్నారో కూడా అక్కడే చెబుతాను. దాచి చెప్పడం నా వల్ల కాదు. ఆయన సరేనన్నారు.

ఇక ఉపన్యాసం ఇరవై నిమిషాలకి కుదిస్తున్నాను, ఒడియాలో ఎవరైనా వెంటవెంటనే చెప్పాలి. 1902లో బాపట్లలో పుట్టుక. 1920లో హరిశ్చంద్రలో చంద్రమతి వేయాల్సిన మనిషి రాకపోతే ఆయన చీర కట్టుకుని ఎక్కడం. తర్వాత తెనాలి రామవిలాస సభ నాటక సమాజం. రోషనార, మధురవాణి వేషాలు. 1956లో పద్మశ్రీ. ‘రాధాకృష్ణ’, ‘సత్యభామ’ సినిమాల గురించి రెండు మాటలు చాలు. తెర మీదికి ఆడవాళ్లే వచ్చాక ఆ వేషాలు వాళ్లవే అయ్యాయి. ఆయన గొప్పదనం తెలియాలంటే మాత్రం స్టేజీ సంగతే చెప్పాలి. చింతామణిని ఒకలాగా, సత్యభామను ఇంకోలాగా నడిపించిన మనిషి. వేశ్య నడక వేరు, పట్టపురాణి నడక వేరు. ఈ ఒక్క విషయం కళాకారుడు చేసి చూపిస్తే నా ఇరవై నిమిషాలూ అక్కర్లేదు.

భోజనాల అక్క, 3:35
ఆ ఊళ్లో భోజనాలు వడ్డించే చోటు లేదు. పులిహోర, చక్రపొంగలి పొట్లాలు కడతాం. ఊరివాళ్లకి కూడా సరిపడా చేస్తాం.

కోశాధికారి, 4:20
హాలు అడ్వాన్సు వచ్చింది. ఆ డబ్బుతో రెండు మినీ బస్సులు మాట్లాడాను. చీర నేను తెస్తాను, మా కొట్లో మామిడిపండు రంగుకి ఎర్రంచుది ఉంది. పిన్నులు గుచ్చకుండా కట్టుకోమని చెప్పండి.

కార్యదర్శి, 8:50
పాంప్లెట్ ప్రెస్సుకి ఇచ్చేశాను. ఒడియా వైపు ప్రూఫు రేపు పొద్దున వస్తుంది, చదవగలిగిన వాళ్లు ఎనిమిదింటికి ప్రెస్సు దగ్గరికి రండి.