అప్‌డేట్: సిరొంచ పిల్లలు నోరు విప్పారు

మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర మరాఠీ బడిలో బీఎడ్ ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు ప్రశ్న వేస్తే నోరు విప్పట్లేదు, ఏం చేయాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. ముందు తెలుగులో చెప్పనివ్వమన్నారు చాలామంది. అలాగే చేశాను.

‘అపూర్ణాంక్’ (మరాఠీలో భిన్నం) అనే మాట పక్కన పెట్టి, పావు కిలో చక్కెర అంటే ఎంత అని అడిగాను. పావు మరాఠీలోనూ పావే కదా! కాగితాన్ని నాలుగు సమభాగాలుగా మడతపెట్టించి, ఒక భాగానికి రంగు వేయించాను. వెనక కూర్చునే పాప లేచి, “నాలుగు పావులైతే కిలో, టీచర్” అంది. అప్పుడు బోర్డు మీద 1/4 రాసి మరాఠీ పేరు చెప్పాను.

కాలేజీలో మైక్రో టీచింగ్‌కి (ప్రాక్టీసు కోసం చెప్పే చిన్న పాఠానికి) ఎదురుగా క్లాస్‌మేట్లే, అడగ్గానే జవాబొచ్చేది. ఇక్కడ అడిగి ఆగడం నేర్చుకున్నాను. లెసన్ ప్లాన్ సగమే అయిందని టెన్షన్ పడ్డాను కానీ, నా క్లాసు గమనిస్తున్న మేడమ్ ఆ పాప మాటే నోట్ చేసుకున్నారు.