అప్‌డేట్: రాత్రిళ్లు లైన్ ఎందుకు పడిపోతోందో దొరికింది

మా కెమెరాల నెట్ లైన్ రాత్రిళ్లు ఎందుకు పడిపోతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల ఆఫీసు నుంచి గట్టు మీది షెడ్డుకు 80 మీటర్ల ఈథర్‌నెట్ కేబుల్ ఉంది. పగలు బాగానే ఉండి, రాత్రి కెమెరాలు ఆగిపోతున్నాయి. నెట్‌వర్క్ స్విచ్ (నెట్ కేబుళ్లు కలిసే పెట్టె) మార్చమని చాలామంది అన్నారు. ఒకాయన మాత్రం "ముందు కొలవండి, తర్వాత కొనండి" అన్నారు. ఆయన మాటే విన్నాను.

ఆర్‌ఎఫ్‌సీ 2544 (నెట్‌వర్క్ పరికరాల సామర్థ్యం కొలిచే ప్రామాణిక పద్ధతి) పరీక్ష పెడదామనుకున్నా గానీ, అది లైన్ మొత్తాన్ని నింపేస్తుంది. నడుస్తున్న నెట్‌వర్క్ మీద వాడొద్దని 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6815 అనే పత్రంలోనే చెప్పారు. అందుకని షెడ్డులో పాత ల్యాప్‌టాప్ పెట్టి, క్రాన్‌తో (టైముకి పనులు వాటంతటవే నడిపేది) పావుగంటకోసారి ఐపెర్ఫ్3 అనే లైన్ కొలిచే ప్రోగ్రామ్ నడిపించాను. యూడీపీ (పోయిన డేటాను మళ్లీ పంపని పద్ధతి), 20 ఎంబీపీఎస్, పది సెకన్లు. ప్యాకెట్ లాస్ (దారిలో పోయిన డేటా ముక్కల శాతం), జిట్టర్ (ముక్కలు చేరే ఆలస్యంలో హెచ్చుతగ్గులు) ఫైల్లో పడతాయి.

నాలుగో రోజు గ్రాఫ్ గీస్తే నవ్వొచ్చింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా లాస్ సున్నా. అక్కణ్ణుంచి తెల్లారేదాకా 6 నుంచి 11 శాతం. సరిగ్గా మావాళ్లు ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి పట్టించే మోటార్లు) వేసే టైమ్! వెళ్లి చూస్తే నెట్ కేబుల్‌నీ మోటార్ల కరెంటు వైరునీ ఒకే గొట్టంలో లాగేశారు. మోటార్ల కరెంటు రొద నెట్ కేబుల్‌లోకి దూరుతోందన్నమాట. "గొట్టంలో చోటుంది కదండీ" అన్నాడు లాగినాయన. స్విచ్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల లెక్క) వేలల్లో ఉన్నాయి. ఇన్నాళ్లూ పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందా అని చూసే చిన్న పరీక్ష) చూసి మోసపోయాను. అంత చిన్న ప్యాకెట్లు చాలావరకు గట్టెక్కేస్తాయి మరి.

వేరే గొట్టంలో ఫైబర్ (కాంతితో డేటా పంపే కేబుల్) వేయించాం, దానికి కరెంటు రొద అంటదు. ఆరు రాత్రుల నుంచి లాస్ లేదు. స్క్రిప్ట్ మాత్రం ఆపలేదు, గంటకోసారికి తగ్గించానంతే.