మనోవ్యాధి అందామా, మెదడు జబ్బు అందామా?

బరంపురం సభ్యురాలు:
మా పిన్ని కొడుక్కి రెండేళ్ళుగా మందులు నడుస్తున్నాయి. చుట్టుపక్కలవాళ్ళు తెలుగులో పిచ్చి అంటారు, ఒడియాలో ‘ముండ ఖరాప్’ అంటారు. ఒడియాలో ముండ అంటే తలే, కానీ తెలుగు చెవికి అది ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే పిన్ని ‘మెదడు జబ్బు’ అని చెప్పుకుంటోంది. షుగరు, బీపీ లాంటిదే అనుకుని నలుగురూ ఊరుకుంటారని ఆవిడ ఆశ. మనోవ్యాధి అనే మాట మానేయొచ్చా?

పర్లాకిమిడి సభ్యుడు:
పిన్నిగారి బాధ అర్థమైందమ్మా. కొన్నిటికి ‘మెదడు జబ్బు’ అనే మాటే సరైనది. సిఫిలిస్ ముదిరి మతి తప్పినవాళ్ళను ఒకప్పుడు పిచ్చాసుపత్రుల్లోనే ఉంచేవారు. 1913లో నొగూచి, మూర్ అనే పరిశోధకులు అలా చనిపోయినవాళ్ళ మెదడులో ఆ క్రిమిని చూపించారు. అది మెదడు జబ్బే, వాదం లేదు. కానీ స్కిజోఫ్రీనియా, డిప్రెషన్ లాంటివాటిని ఇప్పటికీ రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో తేల్చలేరు. డాక్టరు మనిషితో మాట్లాడి, ఇంట్లోవాళ్ళను అడిగి చెబుతారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా అత్తయ్య అక్కడే ఉంది. ఆ తర్వాత చాన్నాళ్ళు, గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, గడియ పెట్టుకుని మంచం కోడు పట్టుకుని వణికేది. వణుకు మెదడులోదే, కాదనను. కానీ మెదడు ఒక్కటే చూస్తే ఆ రాత్రి లేచిపోయిన ఇంటికప్పు ఎక్కడ కనబడుతుంది?

మన పాత మాటల్లో ఆధి మనసుది, వ్యాధి ఒంటిది. అమరకోశం కూడా ఆధి అంటే ‘మానసీ వ్యథా’ అంది. మనోవ్యాధి ఆ రెంటినీ కలిపింది: బాధ మనసుది, అయినా అది జబ్బే. అందుకే నాకు ఈ మాట కావాలి. వదలాల్సింది ‘మనోవ్యాధికి మందు లేదు’ అనే సామెతను. 1949లో ఉన్మాదానికి లిథియం అనే మందు పనిచేస్తుందని తెలిసింది, 1950ల్లో స్కిజోఫ్రీనియాకి క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వచ్చింది. ఇంకా ఆ సామెత చెప్పి రోగిని ఇంట్లో కూర్చోబెడితే అది పాపం.

బరంపురం సభ్యురాలు:
పిన్నికి చదివి వినిపించానండీ. ‘ఆ మాట అనగానే జనానికి ఆ సామెతే గుర్తొస్తుంది కదే’ అంది. వాడిని మాత్రం ఈ నెల కూడా తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.