లావు దుంగకు క్లాంపు అవసరమా, బరువే చాలా?

సుబాబుల్ రైతు (కందుకూరు):
గట్ల మీది నీలగిరి, వేప చెట్లను మేమే పలకలు కోసుకుందామని ముగ్గురం కలిసి చక్రాల మీద లాక్కెళ్లే బ్యాండ్‌సా మిల్లు (రెండు చక్రాల మధ్య తిరిగే పట్టీ రంపం) కొన్నాం. ఇందులో దుంగ కదలదు, బ్లేడు ఉన్న తలే పట్టాల మీద నడుస్తుంది. పేచీ ఎక్కడంటే, ప్రతి దుంగకూ క్లాంపు (దుంగను పక్కనుంచి నొక్కిపట్టే ఇనుప బిగింపు) బిగించాలంటాను నేను. లావు దుంగకు దాని బరువే చాలు, రెండు పక్కలా కింది సందులో చెక్క చీలలు కొట్టి కోసేయవచ్చంటాడు మా బావ. ఆయన మాట తీసిపారేసేదీ కాదు. పోయిన నెలలో క్లాంపు పైకొసకు తగిలి రెండు బ్లేడ్లు పోయాయి. మీరేమంటారు?

పాత రంపం:
నేను మీ బావగారి పక్షం. 8 అడుగుల పొడవు, అడుగున్నర లావు ఉన్న పచ్చి నీలగిరి దుంగ 400 కిలోల దాకా తూగుతుంది. అంగుళంపావు వెడల్పు బ్లేడు దాన్ని కదిలిస్తుందా? నా చేతిలో పాడైన బ్లేడ్లన్నీ ఇనుముకు తగిలి పోయినవే. దుంగ కదిలి పోయింది ఒక్కటీ లేదు.

లెక్కల మాస్టారు:
నిండు డీజిల్ పీపాను ఎత్తాలంటే నలుగురు కావాలి. పడుకోబెడితే పదేళ్ల పిల్లవాడు దొర్లిస్తాడు. బరువు దుంగను జారనివ్వదు, అంతే. దొర్లడానికి అది అడ్డం కాదు. గుండ్రటి దుంగ కింద ఆనేది సన్నని గీతంత మేర, బ్లేడు తోసేది అడుగు పైన. అందుకే మొదటి కోతకే భయపడాలి. ఒక ముఖం చదును చేసి కిందికి తిప్పాక మీ మాట కొంత నిజం. అయితే కోసేకొద్దీ ఆ 400 కిలోలు కరిగిపోతుంటాయి కదా! అడుగు వెడల్పున రెండంగుళాల మందం మిగిలేసరికి దాని బరువు 40 కిలోలు కూడా ఉండదు. అప్పుడు ఏ బరువును నమ్ముకుంటారు?

గోదారి గట్టు:
కొంచెం పక్కదారి. చక్రాలున్నంత మాత్రాన అది సామిల్లు కాకుండా పోదు. అటవీశాఖ అనుమతి ఉందా?

సుబాబుల్ రైతు (కందుకూరు):
ఉందండీ. దుంగ సంగతి చెప్పండి.

వడ్రంగి వీధి:
చెబుతాను. రెండేళ్ల కింద ఒక వేప దుంగ ఎక్కించాం. కొమ్మ చీలిన చోట కాస్త వంకర ఉంది. బరువుగానే ఉంది కదా అని రెండు పక్కలా చీలలు కొట్టి ఊరుకున్నాం. బ్లేడు సగానికి వచ్చేసరికి దుంగ వేలెడంత తిరిగింది. అంతే, కోత మూసుకుని బ్లేడును పట్టేసింది, బ్లేడు చక్రాల మీంచి ఊడి గార్డుకు కొట్టుకుంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలోనే ఉంది. అంతకు నిమిషం ముందు మా కుర్రవాడు దుంగను కాలితో తొక్కిపట్టి నిలబడ్డాడు. నేను కేకలేస్తే దిగాడు.

తర్వాత చీల తీసి చూశాను. చీల ఉన్నచోటే ఉంది. దాని పక్కన బెరడు మాత్రం అరచేతి మేర ఊడి, కింద జిగురు మెరుస్తోంది. మేము చీల కొట్టింది దుంగకు కాదు, బెరడుకు! అప్పటినుంచి ఆనే చోట గొడ్డలితో బెరడు చెక్కకుండా చీల పెట్టనివ్వను, చీల పెట్టినా క్లాంపు మాననివ్వను.

పాత రంపం:
వంకర దుంగ అయితే నేనూ బిగిస్తాను, అంత మొండివాణ్ని కాను. కానీ క్లాంపు చేసే నష్టం గురించి ఎవరూ మాట్లాడరేమి? పలుచబడిన చెక్కను పక్కనుంచి గట్టిగా బిగిస్తే అది విల్లులా వంగుతుంది, లేదా ఒక అంచు మంచం (దుంగను పెట్టే చట్రం) మీంచి లేస్తుంది. అలాగే కోస్తే పలక ఒక అంచున అంగుళం, రెండో అంచున ముప్పావు. అసలే నీలగిరికి లోపలి బిగువు ఎక్కువ, వదలగానే ఇంకా వంగుతుంది. అలాంటి పలకలు ఎవరు కొంటారు?

లెక్కల మాస్టారు:
నిజమే, ఒప్పుకుంటున్నాను. మొదటి కోతకు ఉన్నంత బిగింపు చివరి పలకలకు అక్కరలేదు, కదలకుండా ఉంటే చాలు. అంచు లేస్తోందంటే క్లాంపు మరీ పైన పట్టుకుందని. కిందికి దించి, తోయడంతోపాటు కొంచెం కిందికి లాగేలా పెట్టండి. నీలగిరిని ఒకవైపే కోసుకుంటూ పోకుండా మధ్యలో తిప్పి రెండో వైపు కోస్తే వంపు తగ్గుతుంది. ఇక బ్లేడ్ల సంగతి: బ్లేడు దించిన ప్రతిసారీ, ఇంజను ఆపి ఉంచి, తలను ఖాళీగా క్లాంపు దాకా నడిపి చూశారా?

సుబాబుల్ రైతు (కందుకూరు):
లేదండీ. కంటితో చూసి సరిపోతుందనుకున్నాం, రెండుసార్లూ అదే తప్పు. బావకు ఇదంతా చదివి వినిపించాను. మొదటి కోతకు ఒప్పుకున్నాడు, చివరి పలకలకు ఇంకా గొణుగుతున్నాడు. చివరి పలకల కోసం పొట్టి ఆనికలు (క్లాంపు నొక్కితే చెక్క రెండో పక్కన ఆనే అడ్డాలు) వెల్డింగ్ షాపులో చేయిస్తున్నాను. మా చివరి పలక అంగుళం మందం. ఆనిక ఎత్తు అంగుళం పెట్టించనా?

వడ్రంగి వీధి:
ముప్పావు పెట్టించండి. ఆనిక పైకొసకు ఇనుము వద్దు, తుమ్మ చెక్క బిగించమనండి. మళ్లీ బ్లేడు తగిలినా తెగేది చెక్కే.

పాత రంపం:
తుమ్మ చెక్క సంగతి బాగుంది. ఫొటో పెట్టండి.