జంస్కార్ రాఫ్టింగ్‌కి బీపీ ఉన్న నాన్నని తీసుకెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. ఆగస్టులో లడఖ్ వెళ్లి, జంస్కార్ నదిలో పదుం నుంచి నిమ్మూ దాకా గైడ్లతో కొన్ని రోజుల రాఫ్టింగ్ చేద్దామనుకుంటున్నాం. రాత్రుళ్లు ఒడ్డునే టెంట్లలో.

నాన్నకి 57 ఏళ్లు. చిన్నప్పుడు పెన్నలోనే ఈత నేర్చుకున్నాడు, నీళ్లంటే భయం లేదు. కానీ అది మంచు కరిగి వచ్చే నీరు, పడితే నిమిషాల్లో చేతులు కొంకర్లు పోతాయి. పైగా పదుం 3,500 మీటర్ల పైనే ఉంది, మనవి మైదానంలో పెరిగిన ఒళ్లు. రోజూ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, ఫోన్‌లో ఆ నది ఫొటోలే చూస్తూ కూర్చుంటున్నాడు. వద్దనడానికి నాకు నోరు రావట్లేదు.

డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్తాం. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికి ముందు లేహ్‌లో ఎన్ని రోజులు ఆగారు? చల్లటి నీళ్లలో ఒంటికి వేసుకునే వెట్‌సూట్ గైడ్లే ఇచ్చారా? బీపీ ఉందంటే గైడ్లు పడవ ఎక్కనిచ్చారా? మధ్యలో ఒంట్లో బాగోలేకపోతే బయటికి ఎలా తీసుకొచ్చారు?